బందరు నుంచి స్విచ్ దాకా: షాబందర్ కుర్చీ ఎవరిది?



రేవుకి ఉర్దూలో బందర్ అని పేరు, బందర్‌గాహ్ అన్నా అదే. ఫార్సీ నుంచి వచ్చిన మాట. మన కోస్తాలో ఆ మాట ఎంతగా కలిసిపోయిందంటే మచిలీపట్నాన్ని జనం ఇవాళ్టికీ బందరు అనే అంటారు. బందరు లడ్డూ అడిగేటప్పుడు మనం సగం ఫార్సీ మాట్లాడుతున్నామని ఎవరికి గుర్తుంటుంది? కుతుబ్‌షాహీల జమానాలో ఆ రేవుకి షాబందర్ అనే అధికారి ఉండేవాడు. వచ్చే జహాజ్‌లు, దిగే సరుకు, కట్టాల్సిన సుంకం అతని దఫ్తర్‌లోకి ఎక్కేవి. సముద్రం అందరిదీ. రేవు మాత్రం లెక్క రాసేవాడి చేతిలో ఉండేది.

ఈసారి నేను రాస్తున్న తారీఖ్ ఆ బందర్ దగ్గర మొదలై, విజయనగరం జిల్లా గరివిడిలో గోడకి బిగించిన ఒక ఇనప డబ్బా దాకా వెళుతుంది. ఆ డబ్బా పేరు నెట్‌వర్క్ స్విచ్. మీ పిల్లల కాలేజీలో, బ్యాంకులో, హాస్పిటల్ బిల్లింగ్ కౌంటర్ వెనకాల మీరు చూసే ఉంటారు. ఎనిమిదో, ఇరవై నాలుగో కన్నాలు, ఒక్కో దాంట్లో ఒక్కో వైరు, పైన మినుకుమనే పచ్చ లైట్లు. ఆ కన్నాన్ని పోర్ట్ అంటారు. స్విచ్ లోపల దాని పేరు ఇంటర్‌ఫేస్. ఉర్దూలో నేనైతే దాన్ని రూబరూ అంటాను, ఇద్దరు ముఖాముఖి అయ్యే చోటు.

స్విచ్‌లు రెండు రకాలు. ఒకటి చవకది. వైరు గుచ్చితే చాలు, పనిచేస్తుంది. ఎవరొచ్చారని అడగదు, ఎవరు చెప్పినా వినదు. రెండోది మేనేజ్డ్ స్విచ్. అంటే బందోబస్తు ఉన్నది. దాని ప్రతి ఇంటర్‌ఫేస్‌కీ మనం హుకుం రాసి పెట్టొచ్చు: ఈ దర్వాజా తెరువు, అది మూసెయ్యి, వీళ్లని ఆ వాడకట్టు వాళ్లతోనే కలవనివ్వు. మొదటిది షాబందర్ లేని రేవు. రెండోదానికి షాబందర్ కుర్చీ ఉంది. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారన్నదే ఈ వ్యాసం.

కుర్చీ చేతులు మారిన కథ

డచ్చి వాళ్లు 1605లో, ఇంగ్లీషు వాళ్లు 1611లో మచిలీపట్నం చేరారు. ఇద్దరూ గోల్కొండ అధికారుల ముందు నిలబడి ఇజాజత్ అడిగినవాళ్లే. అప్పట్లో ఉత్తరాంధ్రకి పాలనా కేంద్రం చికాకోల్, అంటే మన శ్రీకాకుళం. అక్కడి జామియా మసీదుని కుతుబ్‌షాహీ ఫౌజ్‌దార్ షేర్ మొహమ్మద్ ఖాన్ 1641లో కట్టించాడు. ఈ ప్రాంతపు దఫ్తర్‌లలో ఫార్సీ నడిచిన రోజులవి. కచేరీ, తాలూకా, దస్తావేజు, రసీదు, జమాబందీ లాంటి మాటలు మన తెలుగులో అప్పటి నుంచీ కాపురం ఉంటున్నాయి.

అందులో ఒక మాటని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి: రవాణా. ఇవాళ సరుకు మోయడానికి వాడతాం. ఫార్సీలో రవానా అంటే బయల్దేరినది. కంపెనీ రోజుల్లో సరుకుతో పాటు వెళ్లే సుంకం చీటీని కూడా ఆ పేరుతోనే పిలిచేవారు. చౌకీ దగ్గర ఆ చీటీ చూపిస్తే బండి ముందుకి కదిలేది. ఈ చీటీతో మనకి మళ్లీ పని పడుతుంది.

1758 డిసెంబర్‌లో చందుర్తి దగ్గర విజయనగరం రాజు ఆనంద గజపతి సాయంతో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్లని ఓడించాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట ఇంగ్లీషువాళ్ల పరమైంది. 1765లో షా ఆలం బాద్షా ఇచ్చిన ఫర్మానుతో ఉత్తర సర్కారులు కాగితం మీద కంపెనీకి దక్కాయి. 1766లో నిజాం అలీ ఖాన్ ఒడంబడిక చేసుకున్నాడు. ఇన్ని జరిగినా సముద్రం ఉన్నచోటే ఉంది. మోసే కూలీలు వాళ్లే, పడవ నడిపేవాళ్లూ వాళ్లే. మారింది ఒక్కటే, దఫ్తర్‌లో కలం పట్టిన చెయ్యి. ఆ తర్వాత నూటఎనభై ఏళ్ల తారీఖ్‌ని ఆ చెయ్యే రాసింది.

1892

గరివిడికి వద్దాం. విజయనగరానికీ చీపురుపల్లికీ మధ్య, హౌరా–చెన్నై మెయిన్ లైన్ మీద ఉన్న స్టేషన్ ఇది. ఈ చుట్టుపక్కల నేల కింద మాంగనీస్ ఉంది. కోడూరులో 1892లో మొదలైన తవ్వకాలే మన దేశపు మాంగనీస్ గనుల చరిత్రకి మొదటి పేజీ. అక్కడి రాయికి భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మర్ ‘కోడురైట్’ అని ఊరి పేరే పెట్టాడు. 1893–96 మధ్య విజయవాడ నుంచి కటక్ దాకా రైలు మార్గం పడింది. మన ఊరి రాయి లోకం చూడటానికి బయల్దేరింది. 1950ల్లో ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ వచ్చాక గరివిడి పేరు ఉక్కు కర్మాగారాల పుస్తకాల్లోకి ఎక్కింది.

రైలు వచ్చిన చోటికి స్విచ్ కూడా వస్తుంది. రెండు పట్టాలు విడిపోయే చోట బండిని ఇటో అటో తిప్పే పాయింట్లని ఇంగ్లీషులో స్విచ్ అని కూడా అంటారు. వాటిని తిప్పేవాణ్ణి ఉర్దూలో కాంటేవాలా అంటాం. ఒంటి లైన్ రోజుల్లో డ్రైవర్ చేతికి టోకెన్ గోళం అందేదాకా బండి స్టేషన్ దాటేది కాదు. ఒక సెక్షన్‌లో ఒకే టోకెన్, ఒకే బండి. ఎదురుబొదురు గుద్దుకోకుండా మనిషి కనిపెట్టిన సాదా ఉపాయం ఇది.

అదే 1892 నవంబర్‌లో అమెరికాలో ఇండియానా రాష్ట్రపు లా పోర్ట్ అనే ఊళ్లో మొదటి ఆటోమేటిక్ టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ మొదలైంది. ఊరి పేరుకి అర్థం ‘దర్వాజా’. దాన్ని కనిపెట్టిన ఆల్మన్ స్ట్రోజర్ ఇంజినీరు కాడు, శవాల అంత్యక్రియల సామాను వ్యాపారి. తనకి రావాల్సిన ఫోన్లని ఎక్స్ఛేంజ్‌లో కూర్చున్న ఆపరేటరమ్మ, పోటీ వ్యాపారి భార్య కావడంతో, అటు తిప్పేస్తోందని అతని అనుమానమని చెప్పుకుంటారు. ఆ కిస్సా ఎంత నిజమైనా కాకపోయినా, 1891లో అతను పేటెంట్ పొందిన యంత్రం మాత్రం నిజం. వైరు కలిపే చెయ్యి మీద నమ్మకం పోయినప్పుడు మనిషి యంత్రాన్ని వెతుక్కున్నాడు.

మన దేశంలో పల్లెటూళ్లకి ఆ యంత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. 1984లో పెట్టిన సీ-డాట్ సంస్థ ఎండకీ దుమ్ముకీ తట్టుకునే 128 పోర్ట్‌ల గ్రామీణ ఎక్స్ఛేంజ్‌ని తయారు చేసింది. దాన్ని 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. ట్రంక్ కాల్ బుక్ చేసి గంటలు గంటలు కూర్చున్న మన అమ్మీ అబ్బాలకి ఆ మార్పు విలువ తెలుసు. మస్కట్ నుంచి, రియాద్ నుంచి మామూజాన్ గొంతు ఊళ్లోకి నేరుగా వచ్చింది ఆ దారినే.

అందరూ ఒకేసారి మాట్లాడితే

కంప్యూటర్లకీ ఇదే చిక్కు వచ్చింది. 1973 మే 22న బాబ్ మెట్‌కాఫ్ అనే ఇంజినీరు ఈథర్‌నెట్ ఆలోచనని కాగితం మీద పెట్టాడు. ఒకే లావుపాటి వైరు, దానికి అన్ని కంప్యూటర్లూ వేలాడుతుంటాయి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే మాటలు గుద్దుకుంటాయి, ఇద్దరూ కాసేపు ఊరుకుని మళ్లీ మొదలుపెట్టాలి. రైల్వే టోకెన్ ఇక్కడ లేదు, తమీజ్ ఒక్కటే దిక్కు. పదిమంది ఉన్న దివాన్‌ఖానాలో తమీజ్ సరిపోతుంది. ఐదొందలమంది ఉన్న బజారులో సరిపోదు.

మందిని ముక్కలు చేసి మధ్యలో బ్రిడ్జి పెట్టడం తర్వాతి ఉపాయం. ఎవరు ఏ వైపున ఉన్నారో బ్రిడ్జి గుర్తుపెట్టుకుంటుంది, అవసరమైన మాటే అవతలికి పంపుతుంది. కానీ జాగ్రత్త కోసమని రెండు దారులు పెడితే కబురు గుండ్రంగా తిరుగుతూ తిరుగుతూ పెరిగిపోయి నెట్‌వర్క్ అంతా ఉక్కిరిబిక్కిరి అవుతుంది. దీనికి మందు 1985లో ర్యాడియా పెర్ల్‌మన్ అనే మహిళ కనిపెట్టింది. దాని పేరు స్పానింగ్ ట్రీ. దారులు ఎన్ని ఉన్నా, కబురు తిరిగి మొదటికి రాకుండా కొన్నింటిని స్విచ్‌లు తమలో తాము మష్వరా చేసుకుని ఆపి ఉంచుతాయి. నడిచే దారి తెగితే ఆపిన దారి తెరుస్తాయి. మన ఆడపిల్లలకి చదువెందుకనే వాళ్లకి ఈ ఒక్క పేరు చెప్పండి.

బ్రిడ్జికి చాలా పోర్ట్‌లు పెట్టి ఒక్కో పోర్ట్‌కీ తనదైన దారి ఇస్తే అది స్విచ్. 1990లో ఏడు పోర్ట్‌ల ఈథర్‌నెట్ స్విచ్‌ని బజారులోకి తెచ్చిన కంపెనీ పేరు కల్పన. అవును, మన కల్పనే. భారతీయ మూలాలున్న వినోద్ భరద్వాజ్, ల్యారీ బ్లెయిర్ కలిసి పెట్టిన కంపెనీకి భరద్వాజ్ భార్య పేరు పెట్టారు. 1994లో సిస్కో దాన్ని కొనేసింది. ఇవాళ లోకమంతా వాడే పెట్టె వెనక మనకి తెలిసిన ఒక పేరు ఉంది, అయితే ఆ పేరు పెట్టె మీద మిగల్లేదు.

వలీమా హాలు

ఇక ఇంటర్‌ఫేస్‌కి హుకుం ఎలా రాస్తారో చూద్దాం. కన్సోల్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌ని స్విచ్‌కి కలిపి, పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లాక మొదట ఏ దర్వాజా అనేది చెప్పాలి: ఇంటర్‌ఫేస్ గిగాబిట్ ఈథర్‌నెట్ 0/1. తర్వాత రాసే మాటలన్నీ ఆ ఒక్క దర్వాజాకే వర్తిస్తాయి. డిస్క్రిప్షన్ అంటే దాని మీద పేరు పలక: ‘బిల్లింగ్ కౌంటర్’, ‘గేటు కెమెరా’. షట్‌డౌన్ అంటే తాళం. నో షట్‌డౌన్ అంటే తాళం తియ్యి. వాడని పోర్ట్‌లకి తాళం వెయ్యడం మంచి ఇంతెజాం.

వేగం కూడా ఇక్కడే. స్పీడ్, డూప్లెక్స్ రెండు వైపులా ఒకేలా ఉండాలి. ఒక వైపు మనం పట్టుబట్టి ఫుల్ డూప్లెక్స్ అని రాసి, రెండో వైపు దానంతట అదే చూసుకోమని వదిలేస్తే రెండోది హాఫ్‌కి దిగిపోతుంది. లైటు పచ్చగానే వెలుగుతుంది, పని మాత్రం నత్తలా నడుస్తుంది. ఒకరు ఆపకుండా మాట్లాడుతూ, రెండోవాళ్లు వంతు కోసం ఎదురుచూస్తే సంసారం ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

అసలు సంగతి వీల్యాన్. మన వలీమా దావత్ గుర్తు తెచ్చుకోండి. ఒకే ఫంక్షన్ హాలు, ఒకే వంటశాల. మధ్యలో పర్దా, ఒక పక్క జనానా, ఒక పక్క మర్దానా. గోడ కట్టలేదు, హాలు రెండు కాలేదు, అయినా రెండు మజ్లిస్‌లు. ఒకే స్విచ్‌లో ఇలా పర్దాలు కట్టడమే వీల్యాన్. ఫలానా ఇంటర్‌ఫేస్ యాక్సెస్ మోడ్‌లో ఉంది, పదో నంబర్ వీల్యాన్‌లో ఉంది అని రాస్తే ఆ వైరు వచ్చినవాళ్లు పదో మజ్లిస్‌లోనే కూర్చుంటారు.

వంటశాల నుంచి వచ్చే వరండా మాత్రం రెండు వైపులకీ ఉమ్మడిది. ఏ డేగ్ ఎటు వెళ్లాలో దాని మీద చీటీ ఉండాలి. రెండు స్విచ్‌ల మధ్య వైరు అలాంటి వరండా. దాన్ని ట్రంక్ అంటారు. ఆ దారిన వెళ్లే ప్రతి కబురుకీ ఏ వీల్యాన్‌ది అని నంబర్ చీటీ అంటిస్తారు, చేరాల్సిన దర్వాజా దగ్గర ఊడదీస్తారు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న రవానా చీటీ ఇదే! 1998లో ఐఈఈఈ 802.1క్యూ పేరుతో ఈ చీటీకి అన్ని కంపెనీలకీ ఒకే ఖాయిదా ఏర్పడింది. దాని మీద 1 నుంచి 4094 దాకా నంబర్లు రాయొచ్చు.

చివరి మాట అన్నిటికంటే ముఖ్యం. మనం రాసిన హుకుం వెంటనే అమల్లోకి వస్తుంది, కానీ అది తాత్కాలిక జ్ఞాపకంలో ఉంటుంది. భద్రపరచమని విడిగా చెప్పకపోతే కరెంటు పోయి వచ్చేసరికి అంతా మాయం. సూరా బఖరా 282వ ఆయత్, ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్, లావాదేవీని రాసి పెట్టుకోవడం గురించే. నోటి మాటకీ దస్తావేజుకీ తేడా మన దీన్ మనకి ముందే నేర్పింది.

గరివిడిలో ఒక డబ్బా

ఫ్యాక్టరీ కార్మికుల మీద వార్త కోసం వెళ్లినప్పుడు గరివిడిలో ఒక కుర్రాడు పరిచయమయ్యాడు. మనవాడే, ఐటీఐ చదివాడు, ఒక ప్రైవేటు సంస్థలో కంప్యూటర్ల పని చూస్తున్నాడు. అతను చూపించిన ఇరవై నాలుగు పోర్ట్‌ల స్విచ్ మేనేజ్డ్ రకమే. కానీ అందులో ఎవరూ ఒక్క అక్షరం రాయలేదు. డబ్బాలోంచి తీసి బిగించేశారు. మేనేజ్డ్ స్విచ్‌లో ఏమీ రాయకపోతే అన్ని పోర్ట్‌లూ ఒకటో నంబర్ వీల్యాన్‌లో ఉంటాయి. బిల్లింగ్ కంప్యూటరూ, గేటు కెమెరా, వచ్చేపోయేవాళ్ల వైఫై ఒకే మజ్లిస్‌లో కూర్చున్నాయి. షాబందర్ కుర్చీ ఉంది, ఖాళీగా ఉంది.

“నువ్వు సరిచెయ్యొచ్చు కదా?” అన్నాను.

“వైర్లన్నీ లాగింది నేనే భాయిజాన్. పాస్‌వర్డ్ మాత్రం వైజాగ్ వాళ్లకాడ ఉంది. ఏదన్నా అయితే ఫోన్ చెయ్యమంటారు, వాళ్లు వచ్చేసరికి ఒక రోజు” అన్నాడు.

అతని మాటలో కోపం లేదు. నాకు మాత్రం మచిలీపట్నం కూలీలు గుర్తొచ్చారు. సరుకు మోసింది వాళ్లు, కలం పట్టింది ఇంకొకరు.

కథ అక్కడితో ఆగలేదు, అల్‌హందులిల్లాహ్. ఆ కుర్రాడు పాత సామాను కొట్లో ఒక వాడేసిన స్విచ్ కొన్నాడు, ఒక కన్సోల్ కేబుల్ సంపాదించాడు. రాత్రి ఇషా తర్వాత ఇంట్లో కూర్చుని రాయడం, చెరపడం, మళ్లీ రాయడం. వీల్యాన్‌లు కట్టాడు, ట్రంక్ కలిపాడు. కావాలనే ఒక వైరు రెండు కొసలూ ఒకే స్విచ్‌లో గుచ్చి, స్పానింగ్ ట్రీ ఒక పోర్ట్‌ని ఎలా ఆపుతుందో కళ్లారా చూశాడు. వాళ్లమ్మీ అడిగిందట, ఈ లైట్ల డబ్బా అన్నం పెడుతుందా అని. పెడుతుందమ్మీ, దీని లోపల రాయడం వస్తే పెడుతుంది అన్నాడట.

ఈ మాట అతనొక్కడిది కాదు. 2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ని ప్రారంభించినప్పుడు నెలకి 149 రూపాయలకి 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్, టీవీ, ఫోన్ అన్నారు. కరెంటు స్తంభాల మీదుగా సన్నని గాజు తీగ పల్లెల్లోకి వచ్చింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు స్తంభాలతో పాటు తీగలూ నేలకొరిగాయి. అలాంటి రోజున ఊళ్లో ఎవరికి పని తెలిస్తే ఆ ఊరు ముందు తేరుకుంటుంది. తీగ గడప దాకా రావడం ఒక ఎత్తు. దాని చివరి దర్వాజాకి హుకుం రాయగలవాడు మన గల్లీలో ఉండటం ఇంకో ఎత్తు.

అమానత్

కుర్చీ దక్కితే చాలదు. షాబందర్ లంచం తింటే రేవు పాడైపోతుంది. మేనేజ్డ్ స్విచ్‌లో ఒక సౌకర్యం ఉంది. ఒక పోర్ట్‌లో నడిచే కబుర్లన్నిటికీ నకలు తీసి ఇంకో పోర్ట్‌కి పంపమని రాయొచ్చు. రోగం ఏమిటో కనిపెట్టడానికి అది దవా. చెడ్డ చేతిలో పడితే పక్కింటి కిటికీలోంచి తొంగిచూడటం. ఎవరి దర్వాజా ముయ్యాలి, ఎవరి మాట నెమ్మదిగా పోవాలి అనే అధికారం కూడా అదే కీబోర్డ్ మీద ఉంది. సూరా నిసా 58వ ఆయత్ అమానత్‌ని హక్కుదారులకి అప్పగించమంటుంది, జనం మధ్య ఫైసలా చేస్తే ఇన్సాఫ్‌తో చెయ్యమంటుంది. పాస్‌వర్డ్ అమానత్ కాకపోతే మరేమిటి?

మన ఇళ్లలో పిల్లలకి ఫోన్ ఇస్తున్నాం, వైఫై పెట్టిస్తున్నాం, రీచార్జ్ చేయిస్తున్నాం. అవన్నీ రేవులో దిగిన సరుకు కొనుక్కోవడం. గల్ఫ్‌కి పంపేటప్పుడు కూడా వైరు లాగే పనికి పంపుతున్నాం, వైరు చివర హుకుం రాసే పనికి తక్కువమందే వెళుతున్నారు. రెండిటి మధ్య తేడా కొన్ని నెలల చదువు, ఒక పాత డబ్బా, ఇంట్లో రాత్రిపూట కాస్త నిశ్శబ్దం. ఆడపిల్లలకైతే ఈ పని ఇంటి నుంచి కూడా చేసే వీలుంది, దూరంగా ఉన్న స్విచ్‌లోకి ఇక్కణ్ణుంచే వెళ్లొచ్చు.

ఈ వారం మీ మసీదు పక్క మద్రసాలోనో, మీ దుకాణంలోనో వైర్లు గుచ్చిన డబ్బా ఉంటే దగ్గరికెళ్లి చూడండి. దాని పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో అడగండి. ఏ వైరు ఎక్కడికి పోతుందో ఒక కాగితం మీద మీ పిల్లల చేత రాయించి పక్కన అంటించండి. దఫ్తర్ ఎప్పుడూ అలాంటి ఒక్క కాగితంతోనే మొదలవుతుంది.